విశాఖ ఎంపీ సీటు: గెలిచినవారు మళ్లీ ఎందుకు కనిపించరు?

వాల్తేరువాసి

మన లోక్‌సభ స్థానంలో గెలిచినవారి జాబితా చదువుతుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. 1952 నుంచి ఇప్పటివరకు, పూర్తి పదవీకాలం ముగించిన ఎంపీ ఎవరూ వెంటనే వచ్చిన ఎన్నికలో ఇక్కడి నుంచి మళ్లీ గెలవలేదు. టి. సుబ్బరామిరెడ్డి గారు 1996లో, 1998లో వరుసగా గెలిచారు, నిజమే. కానీ ఆ మధ్య గడిచింది రెండేళ్లే. ఎం.వి.వి.ఎస్. మూర్తి గారు 1991లోనూ 1999లోనూ గెలిచారు, వరుసగా కాదు. పి.వి.జి. రాజు గారివి 1957, 1971. మూడుసార్లు గెలిచినవారు అసలే లేరు.

పక్కనే శ్రీకాకుళం చూడండి. ఎర్రన్నాయుడు గారు 1996, 1998, 1999, 2004 ఎన్నికల్లో వరసపెట్టి నాలుగుసార్లు గెలిచారు. ఆయన కుమారుడు రామ్మోహన్ నాయుడు గారు 2014 నుంచి మూడుసార్లు. అదే ఉత్తరాంధ్ర, అదే గాలి. మరి మనకు ఏమైంది?

విశాఖ ఓటరుకు నిలకడ లేదని టీకొట్టు దగ్గర తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. 2004లో గెలిచిన నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు 2009లో ఇక్కడ నిలబడలేదు. 2009లో గెలిచిన పురందేశ్వరి గారు 2014లో రాజంపేటకు వెళ్లారు. 2014లో గెలిచిన హరిబాబు గారు 2019లో పోటీలో లేరు. 2019లో గెలిచిన ఎం.వి.వి. సత్యనారాయణ గారు 2024లో విశాఖ తూర్పు అసెంబ్లీకి దిగి ఓడిపోయారు. వరుసగా నలుగురు. తన అయిదేళ్ల పద్దు చేతపట్టుకుని ఒక్కరూ మళ్లీ మన గుమ్మం ఎక్కలేదు. ఓడించడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా! మనం ఎవరినీ వెనక్కి పంపలేదు. మనల్ని ఎవరూ రెండోసారి అడగలేదు.

కురుపాంమార్కెట్

బాగా చెప్పారు. పెద్ద పార్టీలకు మన ఊరు ఒక మజిలీ. ఎక్కడో సీటు దొరకనివారిని ఇక్కడికి పంపుతారు, మనం మర్యాదగా గెలిపించి పంపుతాం. నెల్లూరు జిల్లా నుంచి ఇద్దరు వచ్చారు, ఇద్దరూ గెలిచారు. ఒకరు సినీ నిర్మాత సుబ్బరామిరెడ్డి గారు, ఒకరు మాజీ ముఖ్యమంత్రి జనార్దనరెడ్డి గారు. ఈ రెండో ఆయన 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖ. మూడు ఎన్నికలు, మూడు ఊళ్లు, మూడు గెలుపులు! పురందేశ్వరి గారూ బాపట్ల మీదుగానే వచ్చారు. 2009కి బాపట్ల ఎస్సీ రిజర్వు అయింది కాబట్టి ఆమెకు వేరే సీటు కావాల్సి వచ్చింది, మనం ఉన్నాం.

అయితే సుబ్బరామిరెడ్డి గారి విషయంలో ఒక మాట. ఎంపీగా ఏం చేశారో అడిగితే మా వీధిలో సగం మంది తల గోక్కుంటారు. శివరాత్రికి బీచ్‌లో జరిపించిన అభిషేకాల సంగతి అడగండి, అందరూ చెబుతారు.

కొత్తఓటరు

నేను 2024లో మొదటిసారి ఓటు వేశాను. ఇంట్లో మా తాతయ్య ఎప్పుడూ "ఒకప్పుడు ఇక్కడ పార్టీ లేకుండానే గెలిచేవారు" అంటారు. ఇది నిజమా? ఎప్పుడు? ఎవరు? వివరంగా చెప్పేవారు ఉంటే చెప్పండి. స్థానికేతరుల వాదన ఎప్పటి నుంచి ఉందో కూడా తెలుసుకోవాలని ఉంది.

పాతపోస్టర్

మీ తాతయ్య గారు చెప్పింది నిజమమ్మా. ఒకసారి కాదు, రెండు సార్వత్రిక ఎన్నికల్లో.

1952లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు, అందులో ఒక స్థానం గిరిజనులకు. ఇప్పటి మన్యం ప్రాంతం కూడా అప్పుడు మనతోనే కలిసి ఉండేది. ఓటరుకు రెండు ఓట్లు. ముద్ర వేయడాలు, మడతపెట్టడాలు లేవు. పోలింగు గదిలో తెర చాటున అభ్యర్థికొక పెట్టె పెట్టేవారు, పెట్టెకు ఆయన గుర్తు అంటించి ఉండేది. కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి బయటికి రావడమే. అక్షరం ముక్క రానివారికి అంతకంటే సులువైన పద్ధతి దొరకదు. లోపల ఎవరూ చూడరు కాబట్టి ఓటు వేయకుండా కాగితం జేబులో పెట్టుకొచ్చే అవకాశం మాత్రం ఉండేది.

ఆ ఎన్నికలో రెండు స్థానాలూ స్వతంత్రులకే దక్కాయి. ఒకరు డాక్టర్ లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. ఈ రెండో పేరు దగ్గర కాస్త ఆగాలి. గాం గంటందొర, మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారు. మల్లుదొర పట్టుబడి అండమాన్ శిక్ష అనుభవించి వచ్చారు. ఏ ప్రభుత్వం మీద పోలీసుస్టేషన్ల దగ్గర విల్లంబులు పట్టారో, ఆ ప్రభుత్వం పోయాక వచ్చిన మొదటి లోక్‌సభలో ఆయన సభ్యుడు. ఢిల్లీకి మన జిల్లా పంపిన మొదటి ఇద్దరిలో ఒకరు ఆయన అన్నది ఈ తరంలో చాలామందికి తెలియదు. బీచ్‌రోడ్డులో అన్ని విగ్రహాలు ఉన్నాయి, ఆయనది ఒకటి పెడితే ఏం పోయింది?

1957లో పి.వి.జి. రాజు గారు. విజయనగరం సంస్థానాధీశుల వారసుడు, అయినా సోషలిస్టు పార్టీ తరఫున గెలిచారు. ఆ తర్వాత 1960 ఉప ఎన్నికలోనూ 1962లోనూ కాంగ్రెస్ తరఫున ఆయన చిన్నాన్న విజయానంద. క్రికెట్ లోకానికి విజ్జీ. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ ఈయనే, లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపించిన వివాదమూ ఆ పర్యటనదే. ఆడింది మూడు టెస్టులు, చేసింది 33 పరుగులు. ఓట్ల ఆటలో మాత్రం మెరుగు. 1965 డిసెంబరులో పదవిలో ఉండగానే పోయారు.

తర్వాత వచ్చిన 1967 ఎన్నికలో తెన్నేటి విశ్వనాథం గారు. మళ్లీ స్వతంత్రుడు. దాని గురించి నాకంటే ఉక్కునగరం వాళ్లు బాగా చెప్పగలరు.

స్థానికేతరుల ప్రశ్నకు నా జవాబు: విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అంతకుముందు విజయనగరం మన జిల్లాలోదే. కాబట్టి రాజావారి కుటుంబాన్ని బయటివారు అనడానికి వీలు లేదు. బయటివారి గొడవ 1990ల నుంచే.

ఉక్కుసెక్టారు

పిలిచారు కాబట్టి వస్తున్నాను.

1966 అక్టోబరులో టి. అమృతరావు గారు ఉక్కు కర్మాగారం విశాఖకే రావాలని నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆయన ఈ ఊరి మనిషి కాదు, గుంటూరు జిల్లావారు. స్థానికత గురించి మాట్లాడేవారు దీన్ని గుర్తుపెట్టుకోండి. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద రాష్ట్రంలో 32 మంది ప్రాణాలు పోయాయి. శాసనసభ్యులు రాజీనామాలు చేశారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న మాట అప్పుడు గోడల మీదికి ఎక్కింది, ఇంకా దిగలేదు.

తెన్నేటి గారు ఆ ఉద్యమానికి పెద్దదిక్కు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా చేసిన మనిషి. 1967 ఎన్నిక ఉక్కు వేడి చల్లారకముందే వచ్చింది, ఆయనను పార్టీ గుర్తు లేకుండానే గెలిపించింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ గారు కర్మాగారం ప్రకటన చేసినప్పుడు ఆయన లోక్‌సభలోనే ఉన్నారు. 1971 జనవరిలో బాలచెరువు దగ్గర శంకుస్థాపన. ఆ తర్వాత వచ్చిన ఎన్నికలో కాంగ్రెస్ గెలిచింది, అభ్యర్థి పి.వి.జి. రాజు గారే.

అంటే చూడండి, అడిగింది సాధించుకున్నాక మళ్లీ అధికార పార్టీకే వేశారు. వాల్తేరువాసి గారు అన్నట్టు అడగలేదు, నిలబడలేదు అన్నది ఇటీవలి కథ. ఆ రోజుల్లో ఓటరు పని అయ్యాక మనిషిని మార్చాడు.

వాల్తేరువాసి

ఉక్కు గారూ, శంకుస్థాపన రాయి పడింది, అంతే. కొలిమి వెలిగింది ఎప్పుడు? రాయి చూసి ఓటు వేసినవారు దాదాపు ఇరవై ఏళ్లు ఎదురుచూశారు. పైగా 1971 ఎన్నిక దేశమంతటా ఇందిర గాలిలో జరిగింది. విశాఖకు ప్రత్యేకంగా కారణం వెతకడం ఎందుకు?

ఉక్కుసెక్టారు

గాలి సంగతి ఒప్పుకుంటాను, కారణం అదొక్కటే అంటే ఒప్పుకోను. 26 వేల ఎకరాలు, 64 ఊళ్లు. మా ఇంట్లో ఇప్పటికీ ఆర్ కార్డు పెట్టెలో ఉంది. పునరావాస కార్డు అన్నమాట, నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగం ఇస్తామన్న హామీ. గాజువాకలో ఏ అభ్యర్థి ఇంటికి వచ్చినా మా అమ్మ ముందు ఆ కార్డు తీసి చూపిస్తుంది, తర్వాతే మంచినీళ్లు ఇస్తుంది. అంచులు చిరిగాయి, ప్లాస్టిక్ తొడుగు పచ్చబడింది, అందులోని పేరు మా తాతది. ఏ ఎంపీ అభ్యర్థి కూడా దాన్ని పూర్తిగా చదవలేదు, అందరూ తల ఊపారు.

లెక్కలమాస్టారు

నడుమ సంవత్సరాలు నేను త్వరగా దాటిస్తాను, అక్కడ పెద్దగా చిక్కుముడులు లేవు. 1977లో ద్రోణంరాజు సత్యనారాయణ గారు, కాంగ్రెస్. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఏడాది మన రాష్ట్రంలో 42 స్థానాలకు 41 ఆ పార్టీకే వచ్చాయి, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారు ఒక్కరే మినహాయింపు. 1980లో కొమ్మూరు అప్పలస్వామి గారు, కాంగ్రెస్. 1984లో భాట్టం శ్రీరామమూర్తి గారు, తెలుగుదేశం. దేశమంతా ఇందిర హత్య తర్వాతి సానుభూతిలో ఉంటే ఇక్కడ 30 సీట్లతో తెలుగుదేశం లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం అయింది. 1989లో ఉమా గజపతిరాజు గారు, కాంగ్రెస్. పి.వి.జి. రాజు గారి కోడలు, మన మొదటి మహిళా ఎంపీ. 1991లో మూర్తి గారు, తెలుగుదేశం.

ఇక్కడి నుంచి ఒక చిన్న బంధుత్వాల పట్టిక కూడా వేసుకోండి. పి.వి.జి. రాజు, చిన్నాన్న విజ్జీ, కోడలు ఉమ. మూర్తి గారు, ఆయన మనవడు శ్రీభరత్. ఈ శ్రీభరత్ గారు నందమూరి బాలకృష్ణ గారి అల్లుడు, పురందేశ్వరి గారు బాలకృష్ణ గారి సోదరి. 2019లో పురందేశ్వరి గారు బీజేపీ తరఫున ఇక్కడ పోటీ చేసినప్పుడు ఎదుట నిలబడింది సొంత మేనకోడలి భర్త. ఇద్దరూ ఓడారు. 2024కి ఆమె రాష్ట్ర బీజేపీ అధ్యక్షురాలు, ఆయన తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి అభ్యర్థి, ఇద్దరూ ఎంపీలయ్యారు. ఆమె రాజమండ్రి నుంచి.

ఇక అంకెలు. 2009లో మూడు ముక్కలాట. కాంగ్రెస్ తరఫున పురందేశ్వరి గారికి 3,68,812. రెండో స్థానంలో ప్రజారాజ్యం అభ్యర్థి పల్లా శ్రీనివాసరావు గారు, 3,02,126. మూర్తి గారు మూడో స్థానానికి జారారు. ఆధిక్యం 66,686. రెండోస్థానం పల్లా గారి పేరు గుర్తుపెట్టుకోండి, 2024లో గాజువాక అసెంబ్లీలో 95,235 ఆధిక్యంతో గెలిచింది ఆయనే, ఈసారి తెలుగుదేశం నుంచి.

2014లో హరిబాబు గారికి 5,66,832, వై.ఎస్. విజయమ్మ గారికి 4,76,344. తేడా 90,488. తెలుగుదేశం పొత్తు లేకుండా బీజేపీకి ఇక్కడ ఈ అంకె రాదు. అయితే బీజేపీకి ఈ ఊరు కొత్త కాదు, 1981లోనే నగర పాలక సంస్థను గెలిచి మేయర్ పదవి దక్కించుకుంది.

కురుపాంమార్కెట్

మాస్టారూ, అంకెలు అన్నీ ఇచ్చి అసలు అంకె దాచారు. పురందేశ్వరి గారికి 2009లో మూడు లక్షల అరవై ఎనిమిది వేలు. అదే ఊళ్లో, అదే మనిషికి, 2019లో 34 వేల లోపు. డిపాజిట్ కూడా దక్కలేదు. ఇప్పుడు చెప్పండి, మేము మనిషికి వేశామా, పార్టీకి వేశామా?

వాల్తేరువాసి గారి వాదనకు ఇక్కడ గండి పడుతుంది. ఒకామె తిరిగి వచ్చి అడిగారు కదా! కాదన్నారు.

వాల్తేరువాసి

అయిదేళ్లు వేరే ఊళ్లో పోటీ చేసి, వేరే పార్టీ కండువాతో వచ్చి అడగడాన్ని "తిరిగి అడగడం" అనరండీ. కేంద్ర మంత్రిగా ఉండగా, ఆ గెలుపు ఇంకా వేడిగా ఉండగా 2014లో ఇక్కడే నిలబడి ఉంటే అప్పుడు తెలిసేది. రాష్ట్ర విభజన కోపంలో ఓడిపోయేవారే అనుకోండి. ఆ ఓటమి లెక్కలోకి వచ్చేది.

నిర్వాహకుడు

కులాల లెక్కలు తీసిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. అభ్యర్థుల కులం ఏమిటో ఈ వేదికలో ఎవరికీ తెలియనిది కాదు, మళ్లీ మళ్లీ రాయనక్కర లేదు. చర్చ బాగుంది, కొనసాగించండి.

ఏజెంటు17సి

2019 లెక్కింపు రోజు హాలులో కూర్చున్నాను. ఏ పార్టీ ఏజెంటునో ఇక్కడ అనవసరం.

బయటివారికి ఆ హాలు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి చెబుతాను. ఇనుప జాలీకి అవతల బల్లలు, ఇవతల మేము. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. మా చేతిలో ఉండేది 17సి కాగితం, పోలింగు ముగిశాక బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో అధికారి సంతకంతో ఇచ్చే లెక్క. యంత్రం మీద మొత్తం దాంతో సరిపోయిందా లేదా అన్నది ముందు చూస్తాం. తర్వాత ఉద్యోగి మీట నొక్కుతాడు, ఒక్కో అభ్యర్థి అంకె తెర మీద వెలుగుతుంది, యంత్రాన్ని మా వైపు తిప్పి చూపిస్తాడు. రాసుకునేలోపు తర్వాతి అంకె వచ్చేస్తుంది. పెన్ను ఆగితే అంతే.

ఆ ఏడాది రెండు ఎన్నికలు కలిపి జరిగాయి కదా. ఓటరు ముందు రెండు యంత్రాలు, లోక్‌సభకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ. లెక్కింపూ వేర్వేరు బల్లల మీద. విరామంలో అసెంబ్లీ వైపు కూర్చున్న మావాడూ నేనూ కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. నగరం బూత్‌లలో గులాబీ కాగితంలో సైకిలుకు వచ్చిన ఓట్లు తెల్ల కాగితంలో లేవు. ఎక్కడికి పోయాయి? గాజు గ్లాసు దగ్గర తేలాయి. మా ఇద్దరికీ టీ దిగలేదు.

ఫలితం అందరికీ తెలుసు. వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి సత్యనారాయణ గారికి 4,36,906, తెలుగుదేశం నుంచి శ్రీభరత్ గారికి 4,32,492. తేడా 4,414. జనసేన నుంచి పోటీ చేసిన మాజీ సీబీఐ అధికారి వి.వి. లక్ష్మీనారాయణ గారికి 2,88,874. నగరంలోని తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం నాలుగు అసెంబ్లీ స్థానాలూ తెలుగుదేశమే గెలిచింది. భీమిలి, గాజువాక, శృంగవరపుకోట వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. రాష్ట్రమంతా ఫ్యాన్ గాలి వీస్తుంటే నగరం నాలుగుకు నాలుగు సైకిలుకు ఇచ్చి, దాని ఎంపీ అభ్యర్థిని మాత్రం ఓడించింది. పైగా అసెంబ్లీలో జనసేన అధినేతే గాజువాకలో ఓడిపోయారు. అంటే గ్లాసుకు పడినవి పార్టీ ఓట్లు మాత్రమే కావు.

ఆ రోజు ఫలితం ఆలస్యంగా వచ్చింది. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో అయిదు వీవీప్యాట్ యంత్రాల చీటీలు లెక్కించి సరిచూడాలని సుప్రీంకోర్టు చెప్పిన మొదటి ఎన్నిక అది. ఏడు సెగ్మెంట్లకు 35 యంత్రాలు. చీటీలను గూళ్లున్న పెట్టెలో అభ్యర్థుల వారీగా వేస్తూ పోవాలి. నాలుగు వేల తేడా మీద అందరి ప్రాణాలూ వేలాడుతుంటే చీటీలు ఒక్కొక్కటిగా గూట్లో పడుతుండటం చూడటం మామూలు శిక్ష కాదు.

కొత్తఓటరు

ఇది చాలా ఆసక్తిగా ఉంది. అయితే లక్ష్మీనారాయణ గారికి పడిన ఓట్లను "చీలిక" అనడం న్యాయమేనా? రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల మంది ఆయన గెలవాలనే వేసి ఉంటారు కదా. వాళ్లంతా వేరొకరి ఓట్లను దొంగిలించినట్టు మాట్లాడుతున్నారు.

లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న వేశావమ్మా. రాజకీయ పార్టీలు తమకు రాని ఓటునంతా తమ దగ్గర నుంచి పోయిన ఓటుగానే చూస్తాయి.

అయితే ఒక లెక్క నీకోసం. 2024లో శ్రీభరత్ గారికి 9,07,467, బొత్స ఝాన్సీ గారికి 4,03,220. తేడా 5,04,247, రాష్ట్రంలోకెల్లా పెద్దది. పత్రికలు వైఎస్సార్ కాంగ్రెస్ కుప్పకూలిందని రాశాయి. కానీ ఆ పార్టీ ఓట్లు 2019తో పోలిస్తే తగ్గింది 33,686 మాత్రమే! అదే 2019లో తెలుగుదేశం, జనసేన ఓట్లు కలిపితే 7,21,366. బీజేపీవి కూడా చేరిస్తే ఏడున్నర లక్షలు దాటుతుంది. అంటే 2019లోనే ఈ మూడు పార్టీలు కలిసి ఉంటే గెలుపు మూడు లక్షల తేడాతో ఉండేది. అయిదు లక్షల ఆధిక్యంలో మూడు లక్షలు పొత్తు ఇచ్చినవి. మిగిలినదాని కోసమే ఆలోచించాలి.

నా మాట ఏమిటంటే, విశాఖ ఓటరు మనసు మార్చుకోవడం కంటే పార్టీలు జట్లు మార్చుకోవడమే ఇక్కడ ఫలితాలను ఎక్కువ మార్చింది. 2009 చీలిక, 2014 పొత్తు, 2019 చీలిక, 2024 పొత్తు. వరుస చూశారుగా.

ఉక్కుసెక్టారు

మిగిలిన రెండు లక్షలు మా దగ్గర ఉన్నాయి మాస్టారూ.

2021 జనవరి 27న కేంద్రం ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెం ఆర్చి దగ్గర టెంటు వేసి కూర్చున్నాం. 1966లోలాగే రాజీనామా కూడా ఒకటి వచ్చింది, గంటా శ్రీనివాసరావు గారు ఎమ్మెల్యే పదవికి ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. మూడేళ్లు! అప్పటికి సభ గడువే అయిపోవచ్చింది.

కురుపాంమార్కెట్

అన్నా, కోపం వద్దు గాని, అదే 2021 మార్చిలో నగర పాలక ఎన్నికలు జరిగాయి. మీ టెంటు కొత్తగా వేసిన రోజులు. 98 వార్డుల్లో 58 అప్పటి అధికార పార్టీకే వెళ్లాయి. ఉక్కు ఓటు అప్పుడు ఎక్కడ ఉంది? 2024లో గెలిచిన కూటమిలో కేంద్రంలో అమ్మకం నిర్ణయం తీసుకున్న పార్టీ కూడా ఉంది. విశాఖ ఉత్తరంలో ఆ పార్టీ అభ్యర్థే గెలిచారు.

ఉక్కుసెక్టారు

వార్డు ఎన్నికలో కాలువ, కుళాయి చూస్తారు. అక్కడ ఉక్కు ఓటు వెతకడం కొలనులో చేపకు వల వేయాల్సింది బావిలో వేసినట్టు.

కూటమి మాట నిజమే, దానికి నా దగ్గర సరదా జవాబు లేదు. మా సెక్టార్‌లో చాలామంది అన్నది ఇదీ: ఢిల్లీలో ఎలాగూ వాళ్లే వస్తారు, వాళ్లతో కూర్చుని బేరం ఆడగలిగినవాణ్ని పంపుదాం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. బేరం పండిందని కొందరు అంటున్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం పాత అప్పులకే పోతే కొలిమికి ఏం మిగులుతుందని నేను అడుగుతున్నాను. సొంత ఇనుప గనులు ఇవ్వకుండా ఎన్ని వేల కోట్లు ఇచ్చినా మళ్లీ అప్పే అవుతుంది. మా ఎంపీ 2029లో మళ్లీ నిలబడితే నేను అడిగే మొదటి ప్రశ్న గనుల గురించి.

వాల్తేరువాసి

"మళ్లీ నిలబడితే". నేను మొదట్లో అన్నది సరిగ్గా ఇదే. శ్రీభరత్ గారు 2019లో ఓడి, ఊరు వదలకుండా ఉండి, 2024లో గెలిచారు. ఓడినవారు తిరిగి వచ్చి గెలవడం కూడా ఈ మధ్యకాలంలో ఇక్కడ చూడలేదు. 2029లో ఆయన ఇక్కడే నిలబడితే ఇరవై అయిదేళ్లలో తొలిసారి ఒక సిట్టింగ్ ఎంపీని మనం ఎదురుగా కూర్చోబెట్టి పద్దు అడిగే అవకాశం వస్తుంది. రైల్వే జోన్ ఏమైంది, ఉక్కు ఏమైంది, అన్నీ.

ఎస్‌కోటరైతు

ఇంతసేపు ఓపికగా చదివాను. ఉక్కు, బీచ్, నగరం. శృంగవరపుకోట పేరు ఒక్కరు తప్ప ఎవరూ ఎత్తలేదు, అదీ ఎవరు గెలిచారో చెప్పడానికి.

మాది విజయనగరం జిల్లా, ఓటు విశాఖ ఎంపీకి. కలెక్టరు ఒకచోట, ఎంపీ ఒకచోట. 2022లో లోక్‌సభ నియోజకవర్గం హద్దుగా కొత్త జిల్లాలు చేస్తామన్నప్పుడు కూడా మేము విజయనగరంలోనే ఉండిపోయాం. ఉండాలనే మావాళ్లు అడిగారు, అది వేరే సంగతి. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో పెందుర్తిని అనకాపల్లికి పంపి, గాజువాకను విడిగా చేసి, విశాఖ ఒకటి, రెండును నాలుగు ముక్కలు చేశారు. ఏడింట్లో పల్లెల సీటు అని చెప్పుకోవడానికి మేమే మిగిలాం, కాస్త భీమిలి. ఎంపీ అభ్యర్థి మా మండలానికి ఎండ తగ్గాక వస్తాడు, చీకటి పడకముందే వెళ్లిపోతాడు. జిందాల్ కంపెనీ కోసం తీసుకున్న మా భూముల గురించి అడిగితే "నోట్ చేసుకోవయ్యా" అని పక్కనున్న కుర్రాడికి చెబుతాడు. ఆ కుర్రాడి చేతిలో పుస్తకం ఉండదు.

2019లో తేడా 4,414. అంత చిన్న తేడా మా నాలుగైదు ఊళ్లలో తేలిపోతుంది. అప్పుడైనా మమ్మల్ని లెక్కపెట్టి ఉండాల్సింది.

ఏజెంటు17సి

నిజం చెప్పారు. హాలులో నగరం బల్లల దగ్గరే అందరూ మూగారు. కోట బల్లల దగ్గర జాలీ ముందు కుర్చీలు ఖాళీ.

కొత్తఓటరు

కోట రైతు గారూ, 2029లోపు మళ్లీ పునర్విభజన జరుగుతుందా? మహిళా రిజర్వేషన్ చట్టం 2023లో వచ్చింది కదా, అది కూడా దానికే ముడిపడి ఉందని చదివాను. విశాఖ మహిళలకు రిజర్వు అయితే వాల్తేరువాసి గారు అన్న పద్దు మళ్లీ అడగలేం!

ఎస్‌కోటరైతు

జనగణన అయ్యాక గాని హద్దుల సంగతి తేలదమ్మా. తేలినప్పుడు మమ్మల్ని విజయనగరం లోక్‌సభలో కలిపినా నేను ఏడవను, విశాఖలో ఉంచినా ఏడవను. కలెక్టరూ ఎంపీ ఒకే ఊళ్లో ఉంటే చాలు, ఒక అర్జీకి రెండు బస్సులు ఎక్కే బాధ తప్పుతుంది.

లెక్కలమాస్టారు

వాల్తేరువాసి గారికి ఒక సూచన. పోటీ చేయకుండా వెళ్లినవారు, పోటీ చేసి ఓడినవారు అని 1952 నుంచి రెండు వరుసలుగా విడదీసి పట్టిక పెట్టండి. 2004లో మూర్తి గారి పేరు ఏ వరుసలోకి వస్తుందో చూసుకోండి, అప్పుడు మీ "వరుసగా నలుగురు" 2004 నుంచే ఎందుకు మొదలుపెట్టారో నేను అడుగుతాను.